ఆ ‘మనం’లో మనం ఉన్నామా?

రెండేళ్ల కిందట తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక వ్యాసం రాయమని ఇచ్చాం. అంశం ‘నేను చూసిన అందమైన ప్రదేశం’. మేం పనిచేసే ఆశ్రమ పాఠశాల అరకు లోయకు దగ్గరలోనే ఉంటుంది. అందుకని సగం మందికి పైగా పిల్లలు అరకు గురించే రాశారు. అందులో ఒక అమ్మాయి రాసింది ఇలా ఉంది: ‘అరకు చాలా అందమైన ప్రదేశం. దీనిని ఆంధ్రా ఊటీ అంటారు. మనం రైలులో వెళ్తే ఎన్నో సొరంగాలు వస్తాయి. అక్కడ గిరిజనులు నివసిస్తారు. వారు చాలా అమాయకులు. వారు రంగురంగుల చీరలు కట్టుకుని థింసా నృత్యం చేస్తారు.’ ఒకటిన్నర పేజీ అంతా ఇదే ధోరణి. అక్షర దోషాలు రెండే రెండు. పదికి ఎనిమిది వేసి, కింద ‘బాగుంది’ అని రాసి ఇచ్చేశాం.

ఆ ఆదివారం ఆ అమ్మాయి తల్లి బడికి వచ్చింది. గదబ స్త్రీ. కొండ మీది ఊరి నుంచి నడిచి వచ్చి, గేటు పక్క చెట్టు కింద కూర్చుంది. సంచిలో ఉడకబెట్టిన దుంపలు తెచ్చింది. తల్లీకూతుళ్లు తమ మాటలో ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. మమ్మల్ని చూసి ఆ పిల్ల లేచి నిలబడి, “మా అమ్మ, సార్” అంది. అప్పుడు తట్టింది. ఆ వ్యాసంలో ‘వారు’ అంటే ఈమె. ‘వారు అమాయకులు’ అని కూతురు రాసింది ఈ తల్లి గురించే. ఇంకో సంగతి కూడా తర్వాత తెలిసింది. ఆ పిల్ల అప్పటికి ఒక్కసారి కూడా రైలెక్కలేదు. సొరంగాల్లోంచి అరకు వెళ్లిన ఆ ‘మనం’ ఎవరో, అందులో ఆమె లేదు.

మర్నాడు ఆ కాగితం అడిగి తీసుకుని మా దగ్గర ఉంచుకున్నాం. తప్పు పిల్లది కాదు. ఆమె చదివిన అరకు అదే. దినపత్రికల ఆదివారం సంచికల్లో, పర్యాటక శాఖ కరపత్రాల్లో, టీవీలో, ఫోన్లో వచ్చే వీడియోల్లో, చివరికి మేం బోర్డు మీద రాసి చూపించిన నమూనా వ్యాసంలో కూడా అరకు అలాగే ఉంది. ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిన పద్ధతి కూడా ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అనే మూడు మెట్లే. ఎవరి వైపు నుంచి చూసి రాస్తున్నావు అని పిల్లల్ని అడగాలని మాకెవరూ చెప్పలేదు. మేమూ ఎవరినీ అడగలేదు.

అందుకే ‘అరకు యాత్ర’ అనే ఈ రచనా రూపాన్ని మన యువకులు, ఉపాధ్యాయులు కలిసి కాస్త నిదానంగా చదవాలని ఈ వ్యాసం రాస్తున్నాం. ఏ ఒక్క రచయితనో పట్టుకుని విమర్శించడం మా ఉద్దేశం కాదు. ఈ రచనలు ఎంతమంది రాసినా ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. కాబట్టి ఆ అచ్చునే చూద్దాం.

అచ్చు ఇది. తెల్లవారకముందే విశాఖపట్నం స్టేషన్. కిటికీ పక్క సీటు. యాభై ఎనిమిది సొరంగాల లెక్క. బొర్రా గుహలు. దారిలో కాఫీ తోటల దగ్గర ఫొటోలు. వెదురుబొంగులో వండిన కోడి. గిరిజన మ్యూజియం. పద్మాపురం తోట. సాయంత్రం చలిమంట దగ్గర థింసా. రాత్రికి తిరుగు ప్రయాణం, ‘ఆ ప్రకృతి ఒడిని వదలలేక వదిలి వచ్చాం’ అన్న భావంతో ముగింపు. ఇందులో అబద్ధాలు తక్కువ. రైలు నిజం, గుహలు నిజం, చలి నిజం. చిక్కంతా చెప్పే తీరులో ఉంది. తెలుగు వ్యాకరణం చెప్పేటప్పుడు భాషాభాగాలు అని ఒక్కొక్కటీ విడదీసి చెప్తాం కదా, ఈ అచ్చును కూడా అలాగే విడదీసి చూడవచ్చు.

ముందు సర్వనామం. ఇంగ్లీషులో లేని ఒక వసతి తెలుగులో ఉంది. ఎదుటివాళ్లను కలుపుకుంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేం’. యాత్రా రచనలన్నీ ‘మనం’తోనే నడుస్తాయి. మనం బయల్దేరితే, మనకు కనిపిస్తాయి, మనల్ని పలకరిస్తాయి. చదివేవాళ్లను చెయ్యి పట్టుకుని వెంట తీసుకెళ్లే మాట అది. మంచి మాటే. అయితే ఆ ‘మనం’ ఎప్పుడూ కిందినుంచి పైకి వస్తుంది. పైనుంచి చూసే వాళ్లెవరూ అందులో ఉండరు. అరకులో పుట్టిన పిల్ల ఆ రచన చదివితే ఆమెకు రెండే దారులు. ‘మనం’లో చేరాలంటే తన ఊరిని పరాయి ఊరిలా చూడాలి. చేరకపోతే ‘వారు’గా మిగిలిపోవాలి. మా విద్యార్థిని మొదటి దారి పట్టింది. మంచి మార్కులు వచ్చే దారి అదేనని ఆమెకు తెలుసు.

‘ఆంధ్రా ఊటీ’ అన్న పేరు కూడా ఆ ‘మనం’ పెట్టిందే. ఒక చోటికి దాని పేరు చాలదన్నట్టు ఇంకో చోటి పేరు తగిలించడం. అసలు ఆ ఊటీ మాత్రం ఎవరిది? నీలగిరుల్లో తోడా ఆదివాసులు బర్రెల్ని మేపుకున్న నేల. తెల్లదొరలు వచ్చి దాన్ని వేసవి విడిది చేసుకున్నారు. అక్కడి వాళ్ల సంగతి మరుగున పడి, విడిది పేరే మిగిలింది. ఆ పేరును మన లోయకు తగిలించి పొగిడామనుకుంటున్నారు. మన పిల్లలు దాన్ని బట్టీ పట్టి రాస్తున్నారు.

తర్వాత క్రియ. ఈ రచనల్లో క్రియలన్నీ వచ్చినవాళ్లవే. వాళ్లు చూస్తారు, తింటారు, ఎక్కుతారు, పరవశిస్తారు. మనకు దక్కే క్రియలు రెండే, ‘నివసిస్తారు’, ‘నర్తిస్తారు’. నాలుగు దశాబ్దాలుగా ఈ కొండల్లో తిరుగుతున్నాం. ఒట్టినే నివసించే మనిషి ఒక్కరు కూడా మాకు కనబడలేదు.

కాఫీ సంగతే చూడండి. యాత్రికులు ఎక్కువగా వచ్చేది నవంబరు నుంచి జనవరి దాకా. కాఫీ పండ్లు కోసేదీ ఆ నెలల్లోనే. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల మధ్య ఎర్రగా మెరిసే పండ్లను చూసి రచయిత ముచ్చటపడి నాలుగు వాక్యాలు రాస్తాడు. ఆ పండ్లు పండినవి పండినట్టు ఏరి కోయాలి. కోసినవాటి తొక్క తీసి, కడిగి, ఆరబెట్టాలి. మంచు కురిస్తే కప్పాలి, ఎండొస్తే తిరగెయ్యాలి. మొక్క నాటాక మొదటి పంట చేతికి రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ నెలల్లో మా తరగతి గదుల్లో సగం బెంచీలు ఖాళీగా ఉంటాయి. పిల్లలు తోటల్లో ఉంటారు. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపులో ఆ పిల్లల చేతులు కూడా ఉన్నాయి. యాత్రా రచనలో కాఫీ తోట ఒక దృశ్యం, దానికదే పెరిగినట్టు ఉంటుంది.

వలిసెలూ అంతే. చలికాలంలో పసుపుపచ్చగా పూసే ఆ చేలను ‘ప్రకృతి పరిచిన పసుపు తివాచీ’ అంటారు. ప్రకృతి పరచలేదు, రైతు విత్తాడు. అవి నూనె గింజలు. తివాచీ అన్న మాట ఒకసారి నోట్లో పడితే దాని మీద నడవవచ్చనిపిస్తుంది. ఫొటోల కోసం చేలోకి దిగి తొక్కుతుంటే రైతులు తాళ్లు కట్టి, మనిషికి ఇంత అని రుసుము పెట్టారు. ఆ రుసుము చూసి ‘గిరిజనులకు కూడా డబ్బు యావ పట్టింది’ అని బాధపడేవాళ్లున్నారు. తొక్కిన పంటకు ఎవరు బాధపడాలి? ఉపమానం ఊరికే అందానికే ఉంటుందనుకోవద్దు. ఒక్కోసారి అది చేలో కాలు పెట్టడానికి అనుమతి కూడా ఇస్తుంది.

అన్నింటికంటే పెద్ద క్రియ ‘కనుగొన్నారు’. బొర్రా గుహలను 1807లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ అనే తెల్లదొర కనుగొన్నాడని ఏ పుస్తకం తెరిచినా ఉంటుంది. మేం కూడా సామాన్య జ్ఞానం పరీక్షకు పిల్లల చేత వల్లె వేయించాం. అయితే ఆ సర్వేక్షణ సంస్థ ఏర్పడిందే 1851లో. పుట్టని సంస్థ అధికారి నలభై నాలుగేళ్ల ముందే వచ్చి గుహలు ఎలా కనుగొన్నాడు? ఇది తేల్చడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, తీసివేత లెక్క చాలు. ఆ లెక్క వేయకుండానే ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోతున్నారు. దొర పేరు, సంవత్సరం కనబడితే అది చరిత్ర అని నమ్మేస్తాం.

మన ఊళ్లలో చెప్పుకునే కథ వేరు. మేతకు వెళ్లిన ఆవు గుహ పైనున్న కన్నంలోంచి లోపల పడిపోయింది. వెతుక్కుంటూ దిగిన కాపరికి ఆవుతో పాటు లోపల శివలింగంలాంటి రాయి కనబడింది. ఆవును ఆ రాయే కాపాడిందని నమ్మి పూజ మొదలుపెట్టారు. బొర్ర అంటే కన్నం. యాత్రా రచనలు ఈ కథను చెప్పవని కాదు, చెప్తాయి. కానీ దొరది ‘చరిత్ర’ అనీ, కాపరిది ‘ఐతిహ్యం’ అనీ రెండు పేర్లు పెడతాయి. తీసివేత లెక్కలో నిలవనిది చరిత్ర ఎలా అయింది? గుహకు కన్నం ఉంది, ఆ కొండ మీద ఆవులు మేస్తాయి, ఊళ్ల వాళ్లకు ఆ గుహ ఏనాటినుంచో తెలుసు. తెలిసినవాళ్లు ఉన్న చోటును ఇంకొకరు ‘కనుగొనడం’ ఏమిటో పిల్లల చేత ఆలోచింపజేయాలి.

బొర్రా గురించి యాత్రా రచనల్లో ఎక్కడా కనబడని సంగతి ఒకటుంది. ఆ గుహల చుట్టుపక్కల పల్లెల్లో, అనంతగిరి మండలంలో, ప్రైవేటు వాళ్లకు గనుల లీజులు ఇచ్చారు. దానిమీద ‘సమత’ అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకు ఇవ్వడానికి వీల్లేదని తేల్చింది. దేశంలో ఆదివాసీ భూముల మాట ఎక్కడ వచ్చినా ఇప్పటికీ ‘సమత తీర్పు’ అని చెప్పుకుంటారు. ఆ తీర్పు పుట్టిన నేల మీదే యాత్రికుడు టిక్కెట్టు కొని, రంగు దీపాల మధ్య రాళ్లలో ఏనుగునూ గొడుగునూ వెతుక్కుని తిరిగి వెళ్తాడు. ఆ రాళ్లలో ఉన్న సున్నమే పక్క కొండల్లో గనికి ఆశ పెట్టిందని అతనికి తెలియదు. అతన్ని అనడం కాదు. బొర్రాకు పదికిలోమీటర్ల దూరంలో డిగ్రీ చదివిన మన పిల్లల్లో ఎంతమందికి ఈ తీర్పు తెలుసు? 1807 మాత్రం అందరికీ తెలుసు.

రైలు సంగతీ అలాంటిదే. అద్దాల పెట్టె వచ్చింది 2017లో. ఆ దారి వేసింది మాత్రం 1960ల్లో. యాత్రికులకు లోయ చూపించడానికి అంత రాయి తొలిచి ఆ దారి వేయలేదు. బస్తరులోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడినుంచి జపానుకు పంపడానికి వేశారు. ఇప్పటికీ ఆ పట్టాల మీద ప్రయాణికుల బండి కంటే ఎర్ర దుమ్ము కొట్టుకుపోయిన ఖనిజం బండ్లే ఎక్కువ. ఒక ఆదివాసుల కొండను తవ్వి, ఇంకో ఆదివాసుల లోయ మీదుగా సముద్రానికి చేర్చే దారి అది. సొరంగాలు లెక్కపెట్టే పిల్లలకు ఈ సంగతి కూడా చెప్తే ఆ లెక్కకు అర్థం ఉంటుంది.

ఇక నామవాచకం. యాత్రా రచనలో వండిపెట్టినవాళ్లకు, దారి చూపినవాళ్లకు, ఆడినవాళ్లకు పేర్లుండవు. ‘ఒక గిరిజన యువకుడు’, ‘ఒక ముసలమ్మ’, ‘గిరిజన బాలిక’. మనుషుల పేర్లే కాదు, జాతుల పేర్లు కూడా ఉండవు. అరకు సంతలో ఒక్క గంట నిలబడితే బగతలు, కొండదొరలు, కొండ కమ్మరలు, కోటియాలు, వాల్మీకులు, గదబలు, పోర్జలు, కోందులు అందరూ కనబడతారు. కోందులు మాట్లాడే కువి, కొండదొరల కొండ భాష తెలుగుకు దాయాదులు. గదబల గుతోబ్ ఆ కుటుంబమే కాదు, సవర, సంతాలీలకు చుట్టం. ఈ అందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వాడే ఆదివాసీ ఒరియా ఇంకో కుటుంబానిది. మూడు భాషా కుటుంబాలు ఒకే సంతలో ఉప్పు, చోళ్లు, చీపుర్లు బేరమాడుకుంటాయి. భద్రిరాజు కృష్ణమూర్తి గారు కొండ భాషను పరిశోధించి 1969లో ఇంగ్లీషులో పుస్తకం వేశారు. అంత పెద్ద పండితుడు ఏళ్ల తరబడి శ్రద్ధ పెట్టిన మాటను యాత్రా రచయిత ‘అర్థంకాని వాళ్ల యాస’ అని ఒక్క ముక్కలో తేలుస్తాడు. అర్థం కాకపోవడం తప్పు కాదు. ఇది ఏ భాష అని పక్కవాణ్ణి అడగకపోవడం తప్పు.

థింసా దగ్గర ఈ లోటు బాగా తెలుస్తుంది. ‘స్త్రీలు ఒకరి నడుం ఒకరు పట్టుకుని గుండ్రంగా ఆడే నృత్యం’ అని ఒక్క వాక్యం రాస్తారు. థింసా ఒకటి కాదు. గ్రామదేవత కోసం ఆడే బోడ థింసా వేరు. పొతర్ తోల ఆకులు కోసే ఆట. గొడ్డి బేటలో వంగి రాళ్లు ఏరతారు. బాగ్ థింసాలో పులిని ఎలా తప్పించుకోవాలో ఆడి చూపిస్తారు. చైత్రంలో ఇటుకల పండగకు మగవాళ్లు వేటకు వెళ్తే, ఊళ్లో మోరి ఊది, తుడుం కొట్టి ఆడతారు. ఆ ఆటల పేర్లలోనే పని ఉంది, అడవి ఉంది, భయం ఉంది, వేళాకోళం ఉంది. విడిది గృహాల ముందు మంట చుట్టూ ఇరవై నిమిషాలు ఆడేటప్పుడు ఇవేవీ చెప్పే వీలుండదు.

ఇక్కడ మన వాళ్లలో కొందరు తొందరపడి, డబ్బుకు థింసా ఆడే అక్కచెల్లెళ్లను తప్పుపడుతున్నారు. అది న్యాయం కాదు. పగలంతా తోటలో పనిచేసి, సాయంత్రం ఆడి, రాత్రికి ఇంత సంపాదించుకునే మనిషిని ‘సంస్కృతిని అమ్ముకుంటోంది’ అనడానికి నెల జీతాల వాళ్లమైన మాకు నోరు రాకూడదు. ఆమెకు ఇవ్వాల్సింది సరిగ్గా ఇస్తున్నారా, ఆమెను మధ్యలోకి లాగి ఫొటోలు దిగేటప్పుడు అడుగుతున్నారా అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. రాసేవాళ్లను అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి. మంట చల్లారాక ఆమె ఏ ఊరికి, ఎలా వెళ్లింది? ఆ ఒక్క వాక్యం ఏ యాత్రా రచనలోనైనా చదవాలని మాకు కోరిక.

చివరిది విశేషణం. ‘అమాయక గిరిజనులు’, ‘కల్లాకపటం ఎరగని కొండజాతి’. ఇవి ప్రేమతో వాడే మాటలేనని ఒప్పుకుంటాం. కానీ అమాయకుడు అన్నాక అతనికి ఒక సంరక్షకుడు కావాలి. అతని మాటకు సాక్ష్యం విలువ ఉండదు. అతని భూమికి లెక్క ఇంకొకరు చూడాలి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చి, 1970లో సవరణతో గట్టిపడింది. అందరం వన్ ఆఫ్ సెవెంటీ అంటున్నది దాన్నే. మన వాళ్లు అమాయకులు కనుక ఆ చట్టం వచ్చిందని చాలామంది అనుకుంటారు. అప్పు, వడ్డీ, దొంగ కాగితం, కోర్టు ఖర్చు ఒక పక్క నిలబడితే, ఎంత తెలివైన రైతయినా ఓడిపోతాడు కనుక వచ్చింది. మైదానంలో రైతు భూమి పోగొట్టుకుంటే ‘అప్పులపాలయ్యాడు’ అంటారు. కొండ మీద రైతు పోగొట్టుకుంటే ‘అమాయకుడు’ అంటారు. మాట మారడంతో నేరం చేసినవాడు వాక్యంలోంచి తప్పుకున్నాడు.

బయటివాళ్లు రాస్తే ఇలాగే ఉంటుందా? అలా అని మేం అనుకోవడం లేదు. దీనికి మా దగ్గర ఒక మంచి రుజువు ఉంది. అరకు దాటితే ఒడిశాలో కోరాపుట్. అక్కడ ప్రభుత్వ అధికారిగా పనిచేసిన గోపీనాథ్ మహంతి 1945లో ‘పరజా’ అనే ఒరియా నవల ప్రచురించారు. మన పోర్జల చుట్టాల కథ అది. అందులోనూ కొండల అందం ఉంది, పండగ ఉంది, ఆట ఉంది. కానీ సుక్రు జానీ అని ఒక పేరున్న తండ్రి ఉన్నాడు. మాండియా, టిక్రా అని కొడుకులు, జిలీ, బిలీ అని కూతుళ్లు ఉన్నారు. వాళ్లకు ఆశలున్నాయి, తగాదాలున్నాయి, తప్పులున్నాయి. అటవీ శాఖ గార్డు వేయించిన జరిమానా కట్టడానికి సావుకారు దగ్గర అప్పు చేసి, ఆ అప్పు కోసం గోతీలుగా, అంటే వెట్టి మనుషులుగా మారతారు. ఆ కుటుంబం చివరికి గొడ్డలి ఎత్తే దాకా ఎలా వచ్చిందో పుస్తకం మెట్టు మెట్టుగా చూపిస్తుంది. ఆ పుస్తకంలో కూడా కొన్నిచోట్ల బయటి చూపు కనబడుతుంది. ఆడపిల్లల అందం వర్ణించేచోట మరీనూ. అయినా అడవి అందాన్ని చెప్తూనే ఆ అడవిలోకి జరిమానా పుస్తకం పట్టుకుని ఎవరొచ్చారో చెప్పింది కనుక అది నిలిచింది. కాబట్టి రచయిత ఎక్కడివాడన్నది అంత ముఖ్యం కాదు. ఎంతసేపు ఆగాడు, ఎవరిని ఏం అడిగాడు అన్నది ముఖ్యం.

ఇదే కొలతతో మనల్ని కూడా కొలుచుకోవాలి. ఈమధ్య మన యువకులే ఫోన్లు పట్టుకుని అరకు వీడియోలు తీస్తున్నారు. గైడ్లుగా పనిచేస్తున్నారు, ఇంట్లో గది అద్దెకిస్తున్నారు. మంచిదే. ఆ సంపాదన మన చేతికే రావాలి. కానీ ఆ వీడియోల్లో మాటలు వింటే అవే మాటలు. ‘ఫ్రెండ్స్, మనం ఇప్పుడు ఒక గిరిజన గ్రామానికి వచ్చాం, ఇక్కడ వాళ్ల జీవన విధానం చూద్దాం’ అంటాడు మన తమ్ముడు, తన మేనత్త ఇంటి ముందు నిలబడి. మనం రాసే కవితల్లోనూ ‘అడవి తల్లి ఒడిలో అమాయక బిడ్డలం’ అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో ఈ పుస్తకం చదివేవాళ్లు తమ పాత కాగితాలు తీసి లెక్కపెట్టుకోవచ్చు. మా కాగితాల్లోనూ ఉంది. బయటివాళ్లు చేసిన బొమ్మను మనం తెచ్చుకుని ఇంట్లో గోడకు తగిలించుకున్నాం.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. దీనికి శిక్షణా తరగతులు అక్కర్లేదు, ఒక పిరియడ్ చాలు. పత్రికలో వచ్చిన ఏదైనా అరకు వ్యాసం కత్తిరించి తరగతికి తీసుకెళ్లండి. పిల్లల్ని నాలుగు పనులు చేయమనండి. ‘మనం’ అన్నచోటల్లా గీత గీసి, అందులో మీ అమ్మ ఉందా అని చూడమనండి. క్రియలన్నీ రెండు వరుసల్లో రాయమనండి, వచ్చినవాళ్లవి ఒకటి, ఊరివాళ్లవి ఒకటి. పేరుతో కనబడిన మనుషులెందరో లెక్కపెట్టమనండి. ఏ నెలలో రాశారో చూసి, ఆ నెలలో మీ ఇంట్లో ఏం పని జరుగుతుందో పక్కన రాయమనండి. మేం చేయించినప్పుడు, రెండో వరుసలో రెండు క్రియలు కూడా దాటకపోవడం చూసి పిల్లలు మొదట నవ్వారు. తర్వాత ఒకడు లేచి, “సార్, మన వాళ్లు ఏ పనీ చేయరా?” అని అడిగాడు.

ఆ తర్వాత అదే అంశం మళ్లీ రాయమన్నాం, ఈసారి ‘మేం’ అని మొదలుపెట్టి. మొదట చెప్పిన అమ్మాయి రెండు రోజులు తీసుకుంది. వాళ్ల ఊరికి బస్సు రాదని, గెడ్డ దాటి రోడ్డు మీదికి రావాలని రాసింది. వలిసెలు పూసినప్పుడు కార్లు ఆగుతాయని, నాన్న చేను చుట్టూ తాడు కట్టాడని రాసింది. ఒక కారులోని ఆమె తనను ఫొటో తీసి, తిరిగి చూపించకుండానే వెళ్లిపోయిందట. పొతర్ తోల ఆడేటప్పుడు వాళ్ల పెద్దమ్మ తప్పు అడుగు వేసి అందరినీ కావాలనే పడేస్తుందట. ఆ వాక్యం దగ్గర మేం గట్టిగానే నవ్వాం. ‘అమాయకులు’ అన్న మాట ఎక్కడా లేదు.

ఈసారి అక్షర దోషాలు రెండు కాదు, పదిహేడు. ముందు రాసింది బట్టీ పట్టిన వాక్యాలు కనుక తప్పులు రాలేదు. ఇవి ఎవరూ రాసి చూపించని వాక్యాలు. గెడ్డ మీద అడ్డంగా వేసిన దుంగను, కాఫీ ఆరబెట్టే చోటును, పెద్దమ్మ వేళాకోళాన్ని చెప్పడానికి ఆమెకు తెలుగు మాట దొరక్క మూడుచోట్ల గుతోబ్ మాటే తెలుగు అక్షరాల్లో రాసింది. మా అలవాటు ప్రకారం ఎర్ర పెన్నుతో వాటి చుట్టూ సున్నా చుట్టబోయి ఆగాం. ఆమెను పిలిచి, ఒక్కొక్క మాటకూ అర్థం అడిగాం. ఆమె చెప్తుంటే కాగితం అంచున రాసుకున్నాం.